సరస్సు అడుగున మిగిలిన వెన్న

స్కాట్లాండ్‌లోని లాక్ టే సరస్సులో 1980లో మొదలైన తవ్వకాల్లో ఓ చెక్క పాత్ర బయటపడింది. దాని లోపలి గోడకు వెన్న అంటుకుని ఉంది. సుమారు 2,500 ఏళ్ల కిందట ఓ ఇంట్లో వాడుకున్న వెన్న!

ఆ ఇల్లు నీళ్ల మధ్య ఉండేది. సరస్సు అడుగులోకి మానులు దిగ్గొట్టి, వాటి మీద చెక్కలు పరిచి కట్టారు. మరికొన్ని చోట్ల రాళ్లు, కర్రలు, మట్టి పోసి దిబ్బ లేపారు. మనుషులే కట్టిన ఈ లంకల్ని క్రానోగ్‌లు అంటారు. స్కాట్లాండ్, ఐర్లాండ్‌లలో వందల కొద్దీ ఉన్నాయి.

శత్రువుల భయంతోనే వీటిని కట్టారనే మాట ఎక్కువగా వినిపిస్తుంది. నాకది చాలదనిపిస్తుంది. 2012లో స్కాట్లాండ్‌కే చెందిన లూయిస్ దీవి సరస్సుల్లో ఓ మాజీ నేవీ డైవర్‌కు మట్టికుండలు కనిపించాయి. అక్కడి లంకల కాలం క్రీ.పూ. 3640–3360 మధ్యదని 2019లో పరిశోధకులు ప్రకటించారు. అంటే ఇంగ్లండ్‌లోని ప్రాచీన రాతి వలయం స్టోన్‌హెంజ్ రాళ్ల కన్నా పాతవి. కుండల్లో కొన్ని దాదాపు చెక్కుచెదరలేదు, వాటికి మసి ఇంకా ఉంది. వాడుకున్న కుండల్ని కావాలనే నీళ్లలో వదిలారంటే, అక్కడ విందో, మొక్కుబడో, ఏదో ఉండే ఉంటుంది.

ఇవన్నీ మిగలడానికి కారణం నీరు. అడుగు బురదలో గాలి ఆడదు, కర్రను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు బతకలేవు. లాక్ టేలో నేల మీద పరిచిన ఫెర్న్ ఆకులు, గొర్రె పెంటికలు, నేసిన గుడ్డ ముక్క కూడా దొరికాయి. అదే ఇల్లు గట్టు మీద ఉండుంటే గుంజలు పాతిన గుంటలే మిగిలేవి.

అందుకే నీళ్లు తోడేసే ప్రతి పనీ నాకు టెన్షన్ పెడుతుంది. ఉత్తర ఐర్లాండ్‌లోని డ్రమ్‌క్లే క్రానోగ్ సరిగ్గా కొత్త రోడ్డు దారిలో పడింది. పురావస్తు నిపుణులు గట్టిగా గొడవ చేశాక, 2012 జులైలో మంత్రి ఆ చుట్టుపక్కల పనులు ఆపించారు. తవ్వితే ఒకదాని మీద ఒకటిగా ఇళ్లు, దువ్వెనలు, అడుగు భాగం మీద శిలువ చెక్కి ఉన్న కర్ర గిన్నె దొరికాయి. గొడవ చేయకపోతే ఇవన్నీ రోడ్డు కింద పోయేవి. రోడ్డుకు గీత గీసే ముందే పాత సరస్సుల మ్యాపులు చూడాలి, డ్రెయిన్ తవ్వే ముందే నిపుణుల్ని పిలవాలి. ఒకసారి ఆరిపోయిన చెక్క ముడుచుకుపోయి పగులుతుంది, మళ్లీ తడిపినా పాత రూపం రాదు. అందుకే బయటికి తీసిన గిన్నెను కూడా ల్యాబ్‌లో శుద్ధి చేసేదాకా నీళ్లలోనే ఉంచుతారు.