సావో పాలోను ట్రాన్సిట్‌కి మాత్రమే వాడుకోకండి

బ్రెజిల్ వెళ్తూ ప్లాన్ చూడమని ఈ ఏడాది ముగ్గురు అడిగారు. ముగ్గురిదీ ఒకే దారి. సావో పాలోలో దిగడం, ఎయిర్‌పోర్టు దాటకుండానే రియో విమానం ఎక్కడం. "అక్కడేముంది, అన్నీ మేడలేగా" అంటారు. వినడానికే కష్టంగా ఉంటుంది నాకు.

ఒక్క ఆదివారం ఉండి చూడండి. పౌలిస్టా అవెన్యూ అంటే బ్యాంకులూ పెద్ద ఆఫీసులూ ఉండే, దాదాపు మూడు కిలోమీటర్ల రోడ్డు. 2015లో మొదలుపెట్టి ఆదివారాలు పగలంతా దాన్ని కార్లకు మూసేస్తున్నారు. పిల్లలు సైకిళ్లు నేర్చుకుంటారు, ముసలివాళ్లు చేతులు పట్టుకుని నడుస్తారు, వంద అడుగులకో పాట వినిపిస్తుంది. నాలుగు గంటలు నడిచాను, కాళ్లు నొప్పి అనిపించలేదు.

ఆ రోడ్డు మీదే ఉంది మాస్ప్ మ్యూజియం. ఇటలీలో పుట్టి బ్రెజిల్‌లో స్థిరపడ్డ ఆర్కిటెక్ట్ లీనా బో బార్డీ కట్టింది, 1968లో తెరిచారు. నాలుగు స్తంభాల మీద భవనం మొత్తాన్ని పైకెత్తేసి, కింద 70 మీటర్లకు పైగా నేలను ఖాళీగా వదిలేసింది. అంత ఖరీదైన చోట! నేను వెళ్లినప్పుడు ఆ నీడలో జనం హాయిగా కూర్చుని కబుర్లాడుకుంటున్నారు. పైన బొమ్మలు గోడకు ఉండవు, గాజు పలకల మీద హాలు మధ్యలో నిలబడి ఉంటాయి. ఎవరు గీశారో వెనక్కి వెళ్తేనే తెలుస్తుంది. పేరు చూసి మెచ్చుకునే అలవాటు నాకు అక్కడే పోయింది.

ఆమెదే ఇంకోటి, సెస్క్ పొంపేయా. పాత ఇనప డ్రమ్ముల (పీపాల) ఫ్యాక్టరీ. కూల్చకుండా లైబ్రరీ, నాటకశాల, భోజనశాల చేసింది. పనిదినాన చూసిన ఫ్యాక్టరీకి లీనా శనివారం మళ్లీ వెళ్తే చుట్టుపక్కల పిల్లలూ పెద్దలూ అప్పటికే అక్కడ ఆడుకుంటున్నారట. ఆ సందడిని అలాగే ఉంచాలనుకుంది. ఇప్పటికీ ఉంది. చదరంగం ఆడుతున్న ఇద్దరు తాతల పక్కన కూర్చుని తక్కువ ధరకే కడుపునిండా తిన్నాను.

మిన్యోకావ్ కూడా నడవండి. పెద్ద వానపాము అని అర్థం. సైనిక పాలనలో 1971లో జనం కిటికీల పక్కనుంచే వేసిన ఫ్లైఓవర్. దానికి పెట్టిన సైనికాధ్యక్షుడి పేరు తీసేసి, 1964 సైనిక కుట్రలో పదవి పోగొట్టుకున్న అధ్యక్షుడు జువావ్ గులార్ట్ పేరు 2016లో పెట్టారు. వారాంతాల్లో దానిమీదా కార్లుండవు. బాల్కనీలో బట్టలారేస్తున్న ఒకావిడ నాకు చెయ్యి ఊపింది.

రియో కొండలు అందమైనవే, వెళ్లండి. కానీ ఊరంటే జనమని నమ్మేవాళ్లు సావో పాలోను దాటిపోతుంటే నాకు మనసొప్పదు. టికెట్ ఇంకా కొనకపోతే ఆదివారం అక్కడ పడేలా చూసుకోండి. సోమవారం మాస్ప్, సెస్క్ రెండూ మూసి ఉంటాయి.