మావాడికి కాస్త కౌన్సెలింగ్ ఇవ్వండి

ముందు ఒక శుభవార్త. మన బెజవాడలో కౌన్సెలింగ్‌కి కొరత లేదు. ఎంసెట్ రాసిన పిల్లలకి సీటు కౌన్సెలింగ్ ఉంది (దాని పేరు ఈఏపీసెట్ అని మార్చి ఏళ్ళయింది, అయినా ఇక్కడ అందరికీ అది ఎంసెట్టే). రౌడీషీటర్లని ఆదివారం పొద్దున్నే స్టేషన్ ఆవరణలో వరసగా నిలబెట్టి ఇచ్చే కౌన్సెలింగ్ ఉంది. మొగుడూ పెళ్ళాలకి ఫ్యామిలీ కౌన్సెలింగ్ ఉంది. ఇక పదో తరగతి పరీక్షలు అవకముందే లెక్చరర్లు టై కట్టుకుని, ఫైలు చంకలో పెట్టుకుని, పటమట నుంచి సత్యనారాయణపురం దాకా గుమ్మం గుమ్మం ఎక్కి మంచినీళ్ళు తాగుతూ తల్లిదండ్రులకి చేసే అడ్మిషన్ కౌన్సెలింగ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇన్ని రకాలు ఒక్క ఊళ్ళో దొరుకుతుంటే, బళ్ళో ఒక మూల కూర్చుని పిల్లాడి భయమేంటో, వాడు చదవలేకపోతున్నది బద్ధకం వల్లో మరో ఇబ్బంది వల్లో కనిపెట్టడానికి పనిగట్టుకుని స్కూల్ సైకాలజిస్ట్ అని ఒక మనిషి కావాలా అన్నది ప్రశ్న. అక్కర్లేదని నా అభిప్రాయం. ఈ అభిప్రాయానికి రావడానికి నాకు పీహెచ్‌డీలో ఐదేళ్ళు, ఉద్యోగంలో ఏడాదిన్నర పట్టింది, కాబట్టి తేలిగ్గా తీసిపారేయకండి.

డాక్టరేట్ వచ్చిన నెలకే గుంటూరు లక్ష్మీపురంలో మా పిన్ని వాళ్ళింట్లో పెళ్ళి. "మా అక్క కూతురు, డాక్టరైంది" అని పిన్ని వాళ్ళ ఆడపడుచుకి నన్ను చూపించగానే ఆవిడ గాజులు పైకి లాక్కుని చెయ్యి చాపింది. బీపీ చూడాలట. నేను ఆ డాక్టర్ని కాదండీ, సైకాలజీ అన్నాను. ఆ చెయ్యి ఎంత వేగంగా వెనక్కి వెళ్ళిందంటే నాకే అనుమానమొచ్చింది, ఏదైనా అంటుకునే జబ్బు పేరు చెప్పానా అని. బాబాయ్ మాత్రం హుషారుగా కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "అయితే ఎదుటివాళ్ళ మనసులో ఏముందో చెప్పేస్తావన్నమాట. ఏదీ, నా మనసులో ఏముందో చెప్పు చూద్దాం?"

"రెండో బంతి లేచేలోగా భోజనానికి వెళ్ళాలని ఉంది బాబాయ్."

ఆయన నోరు తెరిచాడు. ఐదేళ్ళ పరిశోధనకి నాకు దక్కిన మొదటి గుర్తింపు అదే. పక్కనే ఉన్న ఇంకో పెద్దాయన, రిటైర్డ్ హెడ్మాస్టరు, "మనసులూ ఆత్మలూ, అన్నీ వాల్తేరులో ఒకటే డిపార్ట్‌మెంట్ కదమ్మా, దెయ్యాల మీద కూడా చేస్తారా?" అని అడిగారు. నవ్వబోయి ఆగిపోయాను. ఆంధ్రా యూనివర్సిటీలో సైకాలజీ, పారాసైకాలజీ కలిపి ఒకే డిపార్ట్‌మెంట్‌గా ఉండటం నిజమే మరి. ఆయన నా సబ్జెక్టు గురించి నా బంధువులందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి.

ఇప్పుడు చదువు సంగతి. ఈ దారిన వద్దామనుకునేవాళ్ళు శ్రద్ధగా వినాలి. 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్ళు, గరిష్ఠం ఆరేళ్ళు, బతిమాలుకుంటే మళ్ళీ రిజిస్ట్రేషన్ చేసి ఇంకో రెండేళ్ళు, ఆడవాళ్ళకి దయతో మరో రెండేళ్ళు. మొత్తం పదేళ్ళు. అంటే ఒకమ్మాయి పీహెచ్‌డీలో చేరిన రోజున ఒకటో తరగతిలో చేరిన పిల్లాడు, ఆవిడ తీరిగ్గా డేటా కోసం బయల్దేరేసరికి పదో తరగతికొచ్చి, శాంపిల్‌గా పనికొస్తాడు. ఇంత దూరదృష్టి మన విద్యా విధానంలో ఇంకెక్కడా కనిపించదు. డబ్బు మాటకొస్తే, జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వచ్చినవాళ్ళకి 2023 జనవరి నుంచి నెలకి 37,000. రానివాళ్ళకి నాన్న.

నా టాపిక్ 'ఇంటర్మీడియట్ విద్యార్థుల్లో పరీక్షల ఆందోళన'. ఆందోళన ఉందని అందరికీ తెలుసు కదా అనకండి, తెలిసినదాన్ని పట్టికలో పెట్టడమే పరిశోధన. నలభై ప్రశ్నలు, ఒక్కోదానికీ ఐదు గళ్ళు, 'ఎల్లప్పుడూ' నుంచి 'ఎన్నడూ లేదు' దాకా. బ్రాడీపేటలో జిరాక్స్ తీయించి, కట్టలు ఒళ్ళో పెట్టుకుని గుంటూరు నుంచి బెజవాడ నాన్‌స్టాప్ ఎక్కి, కాలేజీలో డీన్ గారి కాళ్ళావేళ్ళా పడితే లంచ్ తర్వాత ఇరవై నిమిషాలిచ్చారు. డీన్ గారే స్వయంగా వచ్చి, పిల్లల వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డారు. 'నాకు మా అధ్యాపకులంటే భయం' అన్న పదిహేడో ప్రశ్నకి క్లాసు మొత్తం 'ఎన్నడూ లేదు' అని టిక్ పెట్టింది. ఇంత ఏకాభిప్రాయం వస్తే లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్ కూడా ఏం చెయ్యలేదు, ఆ ప్రశ్న తీసేయాల్సొచ్చింది.

రెండో బెంచీలో అమ్మాయి చెయ్యెత్తింది. "మేడమ్, నెగెటివ్ మార్కులున్నాయా?"

లేవమ్మా, ఇందులో తప్పూ ఒప్పూ ఉండవన్నాను. క్లాసంతా నా వైపు అనుమానంగా చూసింది. వెనక నుంచి ఇంకో గొంతు, "కీ ఎప్పుడు పెడతారు మేడమ్?" గోడ పక్కన కూర్చున్న కుర్రాడు మాత్రం అన్నీ పూర్తి చేసి ఒక్కచోట ఆగిపోయాడు. 'నాకు రాత్రిళ్ళు సరిగా నిద్ర పట్టదు' అన్న వాక్యం మీద పెన్ను పెట్టి, గొంతు తగ్గించి అడిగాడు. "మాకు పన్నెండుదాకా స్టడీ అవర్ మేడమ్, ఐదింటికి బెల్లు. నిద్ర పట్టకపోవడమేంటి, నించుంటే పట్టేస్తది. దీనికేం టిక్ పెట్టాలి?" నా ఐదు గళ్ళలో వాడి నిద్రకి చోటు లేదు. 'ఎన్నడూ లేదు' పెట్టమన్నాను. నా థీసిస్ నాలుగో అధ్యాయంలో ఆ కాలేజీ పిల్లలు హాయిగా నిద్రపోతున్నట్టు తేలింది.

ఫలితం, ఆందోళన మధ్యస్థం. ఆడపిల్లలకీ మగపిల్లలకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. వైవాకి బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్‌గారు దుర్గమ్మ దర్శనం చేసుకుని, గోంగూర పచ్చడి రెండు కేజీలు ప్యాక్ చేయించుకుని, "సంతృప్తికరం" అన్నారు. దేని గురించో నేను అడగలేదు. థీసిస్‌ని శోధ్‌గంగ అనే థీసిస్‌ల వెబ్‌సైట్లో పెట్టారు. గంగలో కలపడం అంటే మన భాషలో ఏమిటో మీకు చెప్పక్కర్లేదు.

న్యూజెర్సీలో ఉన్న మా వదిన వాళ్ళ పిల్లల స్కూల్లో స్కూల్ సైకాలజిస్ట్ అనే పేరుతోనే ఒకావిడ ఉంది. అక్కడ 1915లోనే కనెక్టికట్ రాష్ట్రంలో ఆర్నాల్డ్ గెసెల్ అనే ఆయన్ని స్కూల్ సైకాలజిస్టుగా పెట్టుకున్నారు. ఇప్పుడు ఆ ఉద్యోగానికి డాక్టరేటే ఉండాలని కూడా లేదు, డిగ్రీ తర్వాత సుమారు మూడేళ్ళ స్పెషలిస్ట్ కోర్సు, అందులో 1,200 గంటల ఇంటర్న్‌షిప్, అదీ సగమైనా బళ్ళోనే చెయ్యాలి. ఐదొందల మంది పిల్లలకి ఒకరుండాలని వాళ్ళ జాతీయ సంఘం మాట (వాళ్ళకీ అన్నిచోట్లా దొరకడం లేదనుకోండి). పాపం, ఎంత వెనకబడి ఉన్నారో చూడండి. నేను ఐదేళ్ళలో పిల్లలతో గడిపింది టిక్కులు పెట్టించిన ఆరు పూటలు మాత్రమే, అయినా పేరు ముందు డాక్టర్ ఉంది. మన దగ్గర స్కూల్ సైకాలజిస్టుకి విడిగా లైసెన్సు గొడవ కూడా లేదు. పునరావాస నిపుణుల్ని నమోదు చేసే ఆర్‌సీఐ రిజిస్టర్‌లో క్లినికల్ సైకాలజిస్టుకి చోటుంది, రిహాబిలిటేషన్ సైకాలజిస్టుకి చోటుంది, స్కూల్ సైకాలజిస్ట్ అనే గడే లేదు. లేని గడిలోంచి ఎవరూ మనల్ని తీసేయలేరు.

ఉద్యోగం మాత్రం వెంటనే వచ్చింది. ఊరి చివర, స్కూలూ ఇంటరూ హాస్టలూ అన్నీ ఒకే కాంపౌండులో. పేరెందుకు లెండి. ఇంటర్వ్యూలో ఏజీఎం గారు నా థీసిస్ తెరిచి, అట్ట చూసి, మూసి, రెండే ప్రశ్నలడిగారు. బ్రోషర్‌లో తెల్లకోటు వేసుకుని ఫోటో దిగడానికి అభ్యంతరమా? వేసవిలో అడ్మిషన్లు ఎన్ని తేగలరు? మొదటిదానికి ఆలోచిస్తానన్నాను. రెండోదానికి ఆయనే "పదిహేను వేసుకుందాం మేడమ్, మీరు కొత్త కదా" అని కన్సెషన్ ఇచ్చారు.

నా గది యూనిఫాం స్టోర్‌లో సగం. ఇటు నేను, అటు 34 సైజు ప్యాంట్లు. తలుపు మీద 'కౌన్సెలింగ్ సెల్' అని బోర్డు పెట్టారు, దానివల్ల రోజుకి కనీసం నలుగురు పేరెంట్స్ "రెండో టర్మ్ ఫీజు ఇక్కడేనా మేడమ్" అని లోపలికొస్తారు. ఎక్కువగా మాట్లాడేది వాళ్ళతోనే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 పెద్దక్షరాలతో రాసి బయట గోడకి అంటించాను. మర్నాటికి దాని మీద ర్యాంకుల ఫ్లెక్సీ వచ్చింది. నష్టమేం లేదు, హాస్టల్ పిల్లలకి ఎలాగూ ఫోన్లుండవు.

తెనాలి దగ్గర పల్లెటూరి నుంచి ఒకాయన కొడుకుని రెక్క పట్టుకుని తీసుకొచ్చాడు. "మావాడికి కాస్త కౌన్సెలింగ్ ఇవ్వండి మేడమ్. గట్టిగా ఇవ్వండి. గంటలో అయిపోద్దా? నాకు నాలుగింటికి బస్సుంది." ఇవ్వడం అంటే ఏమిటో ఆయనకీ నాకూ వేరు వేరు అర్థాలున్నాయని కాసేపటికి గానీ నాకు అర్థం కాలేదు. ఆయన దృష్టిలో అది చెయ్యెత్తకుండా కొట్టే దెబ్బ. పిల్లాణ్ణి తొమ్మిదో తరగతి పుస్తకం చదవమన్నాను. లెక్క నోటితో చెబితే చకచకా చేస్తున్నాడు, అదే లెక్క కాగితం మీద చదవాల్సొస్తే అక్షరాలు కలుపుకోలేక చెమటలు పట్టి, చివరికి పై లైనులో చదివిన మాటే కింద మళ్ళీ చదువుతున్నాడు. ఇది బద్ధకం కాకపోవచ్చు, చదవడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బంది కావచ్చు, పరీక్ష చేయిద్దాం, తేలితే 2016 వికలాంగుల హక్కుల చట్టంలో దీన్ని గుర్తించారు, పబ్లిక్ పరీక్షల్లో గంటకి ఇరవై నిమిషాలు అదనంగా దొరికే వీలుంటుంది అని మెల్లగా చెప్పాను. తండ్రి ముఖం పాలిపోయింది. "అంటే మావాడు వికలాంగుడా మేడమ్? బద్ధకమనే రాయండి. బద్ధకమైతే తగ్గుద్ది." నాలుగింటి బస్సుకి వెళ్ళిపోయాడు.

ఈ సంగతి మా కాంపౌండు డీన్ గారికి తెలిసి నన్ను పిలిపించారు. ఉద్యోగంలో చేరాక నేను చెప్పింది ఆయన మధ్యలో ఆపకుండా విన్నది ఆ ఒక్కరోజే. "ఎక్స్‌ట్రా టైం జేఈఈలో కూడా ఇస్తారా?" అర్హత ఉన్నవాళ్ళకి మూడు గంటల పరీక్షకి ఇంకో గంట ఇస్తారన్నాను. ఆయన కళ్ళు మెరిశాయి. "మరి ఆ సర్టిఫికెట్ మన టాప్ సెక్షన్ అరవై మందికీ రాయించేస్తే?"

అది మెడికల్ బోర్డు చూసే పని అని చెప్పాక నా మీద పెరిగిన గౌరవం మళ్ళీ యథాస్థితికి వచ్చింది.

2025 జూలైలో సుప్రీంకోర్టు తీర్పొచ్చింది. నవ్వేది కాదది. విశాఖలో నీట్ కోచింగ్‌కి వచ్చి హాస్టల్లో ఉంటూ చనిపోయిన 17 ఏళ్ళ అమ్మాయి తండ్రి చేసిన పోరాటంలోంచి వచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలని, మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయడం వీలైనంతవరకూ మానాలని అందులో ఉంది. మా యాజమాన్యం ఆ సాయంత్రమే మీటింగ్ పెట్టింది. మొదటి అంశం మీద చర్చే జరగలేదు, మాకు పిల్లలు 1,800 మంది, 'కనీసం ఒకరు' అంటే నేను, లెక్క సరిపోయింది. రెండోది కాస్త కష్టమైనా వారంలో అమలు చేశారు. టాప్ సెక్షన్, మిడిల్ సెక్షన్, బిలో యావరేజ్ అన్న పేర్లు తీసేసి నదుల పేర్లు పెట్టారు. గంగ, గోదావరి, కృష్ణ, పెన్న, చివరికి తుంగభద్ర. పిల్లలు సెక్షన్ మారలేదు, పక్కన ఉన్న బోర్డు మారింది. తుంగభద్రలో ఉన్నవాళ్ళు రెండు రోజుల్లో తమ క్లాసుకి సొంత పేరు పెట్టుకున్నారు, బుడమేరు అని. 2024లో ఆ వాగు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మేడ మీద నీళ్ళ ప్యాకెట్ల కోసం ఎదురుచూసిన పిల్లలు ఇద్దరున్నారు ఆ క్లాసులో. వాళ్ళకి ఆ మాట బరువు తెలుసు.

ఆ బుడమేరు నుంచే ఒక కుర్రాడు గురువారం గురువారం వస్తాడు. పేపర్ డిస్కషన్ పీరియడ్‌లో యూనిఫాం సైజు మార్చుకోవాలని పర్మిషన్ అడుగుతాడట. వచ్చి ప్యాంట్ల కట్ట మీద కూర్చుని షూ లేసులు విప్పి మళ్ళీ కడతాడు. మొదటి మూడు వారాలు ఒక్క మాట లేదు. నాలుగో వారం పైకప్పు నాలుగు మూలలూ చూసి, "మేడమ్, కెమెరా లేనిది ఈ గదొక్కటే కదా?" అన్నాడు. అవున్రా అన్నాను. ఆ తర్వాత పావుగంట ఏడ్చి, ముఖం తుడుచుకుని, 34 సైజు ప్యాంటు ఒకటి చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు. అతనిది 30.

ఈ కేసు వివరాలు నా రిజిస్టర్‌లో రాయలేదు. కానీ స్టోర్ రిజిస్టర్‌లో ప్యాంట్లు తక్కువొస్తున్నాయని ఎవరో రాశారు. మొన్న సోమవారం నిచ్చెన, వైరు చుట్ట పట్టుకుని టెక్నీషియన్ వచ్చాడు. గదంతా ఒకసారి చూసి, నిచ్చెన గోడకి ఆనించి, "మేడమ్, ఎక్కడ బిగించమంటారు?" అని అడిగాడు. ఈ కాంపౌండులో ఒక విషయంలో నా అభిప్రాయం అడగడం అదే మొదటిసారి. ఏడాదిన్నర అనుభవం, ఐదేళ్ళ పరిశోధన అన్నీ రంగరించి, 34 సైజు ప్యాంట్లున్న మూల చూపించి, కెమెరా ముఖం గోడవైపు ఉండేలా పెట్టు బాబూ అన్నాను. అతను నన్నోసారి, నా బల్లనోసారి చూసి, ఏమీ అడక్కుండా నిచ్చెనెక్కాడు.