ఆపరేషన్ ముందు రాత్రి వచ్చే రేజరు గారికి

మహారాజశ్రీ రేజరు గారికి, సర్జికల్ వార్డు సిస్టర్ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. కానీ ఇక్కడ కుశలంగా ఉన్నది మీరొక్కరే. మీరు గీసి వెళ్లినవాళ్లలో కొందరి కుట్లు ఐదో రోజుకల్లా ఎర్రబడి చీము పడుతున్నాయి.

రేపు పొద్దున హెర్నియా కేసు ఉందంటే చాలు, ఈ రాత్రి తొమ్మిదింటికి మీరు స్టీలు ట్రేలో బయల్దేరతారు. కేస్ షీట్‌లో "పార్ట్ ప్రిపరేషన్", అంటే కోత పెట్టే చోటుని సిద్ధం చేయమని, ఒక్క ముక్క ఉంటుంది. దేనితో, ఎప్పుడు, ఎంతమేర అన్నది ఎవరూ రాయరు. మీరుండగా రాయడమెందుకు! వార్డు బాయ్ సబ్బు నురగ పూస్తాడు, బొడ్డు దగ్గర్నుంచి తొడ దాకా మీరు సర్రున దిగుతారు. ఆపైన స్పిరిట్ దూది తగలగానే పేషెంటు ఎగిరిపడతాడు. "మండిందంటే శుభ్రమైనట్టే పెద్దాయనా" అని వార్డు బాయ్ ధైర్యం చెబుతాడు. మండింది శుభ్రమై కాదండీ, తెగి. కంటికి ఆనని గాట్లవి, చాలాసార్లు రక్తం చుక్క కూడా రాదు. చర్మం మీద ఎప్పుడూ కాపురముండే స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియాకి అవే గుమ్మాలు, దానికి తోడు తెల్లారేదాకా టైమ్.

మీ మీద నాకు పగేమీ లేదు. మీ చిట్టా 1971లోనే బయటపడింది. అప్పటి ఒక అధ్యయనంలో, మీతో గీయించుకున్నవాళ్లలో 5.6 శాతం మందికి ఇన్ఫెక్షన్ వచ్చింది. క్రీముతో వెంట్రుకలు తీసినవాళ్లలో, అసలు తీయనివాళ్లలో కలిపి అది 0.6 శాతం. ఆపరేషన్‌కి కాస్త ముందు గీస్తే 3.1, ఇరవై నాలుగు గంటల లోపు అయితే 7.1, అంతకన్నా ముందైతే ఏకంగా 20 దాటింది. ఎంత ముందుగా వస్తే అంత ఘనకార్యం అన్నమాట. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తేల్చి చెప్పింది: వెంట్రుకలు తీయకండి, తప్పదనుకుంటే క్లిప్పరుతో, అంటే చర్మాన్ని గీయకుండా వెంట్రుకల్ని పొట్టిగా కత్తిరించే మిషనుతో, కత్తిరించండి, రేజరు మాత్రం వార్డులోనూ వద్దు, థియేటర్‌లోనూ వద్దు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. మీరు మా ట్రేలోనే ఉన్నారు.

అలాగని మా ఆస్పత్రిలో ట్రైనింగులకు లోటనుకునేరు! ఏసీ హాలు, ప్రొజెక్టరు, సమోసా, టీ, హాజరు సంతకం, చివర్లో గ్రూప్ ఫోటో. రేజరు మీద ఎర్ర ఇంటూ గుర్తు వేసిన స్లైడు కూడా ఉంది, మా అందరికీ నోటికొచ్చు. కానీ మిమ్మల్ని చేత్తో పట్టుకునే వార్డు బాయ్‌ని ఆ హాల్లోకి ఎప్పుడూ పిలవలేదు, అతను "నాన్-టెక్నికల్" అట. సర్జన్ గారికి పిలుపు వెళ్తుంది గానీ ఆయన రారు, ఆయనకన్నీ తెలుసు. మిగిలింది మేము. మేం ఫోటోలో నవ్వుతుంటే మీరు వార్డులో ఓవర్‌టైమ్ చేస్తుంటారు.

మొన్న ఒక్కసారి మాత్రం ట్రైనింగు హాలు వదిలి థియేటర్ పక్క గదిలో పెట్టారు, వార్డు బాయ్‌లతో సహా. కోతకు ముందు చర్మానికి పూసే క్రిములు చంపే మందు, రంగు కలిపిన క్లోర్‌హెక్సిడిన్-ఆల్కహాల్ ఇచ్చి, ఎవరి ముంజేతికి వాళ్లనే పూసుకోమన్నారు. గట్టిగా, అటూ ఇటూ రుద్దుతూ పూయాలి. పదేళ్ల సర్వీసున్నవాళ్ల చేతి మీద కూడా మధ్యమధ్య మందు అంటని తెల్ల మచ్చలు మిగిలాయి. తర్వాత ఆరనివ్వండి, కనీసం మూడు నిమిషాలు అన్నారు. మూడు నిమిషాలంటే ఎంతసేపో అప్పుడు తెలిసింది: ఒకరు ఊదుకున్నారు, ఇద్దరు ఫోన్లు తీశారు, ఒకావిడ గాజుగుడ్డతో తుడిచేసుకుంది. టేబుల్ మీద పేషెంటుకీ ఇదే జరుగుతోంది మరి. "ఇంకెంతసేపు, కానివ్వండి" అని సర్జన్ గారు అనగానే అసిస్టెంటు గుడ్డతో తడి అద్దేస్తాడు, మందు పనిచేయకముందే పోతుంది. అద్దకుండా తడి మీదే డ్రేప్ గుడ్డ కప్పేస్తే ఇంకో ముచ్చట, రక్తనాళాల్ని కరెంటు వేడితో మూసే కాటరీ నిప్పురవ్వకి ఆల్కహాల్ అంటుకుంటుంది. బొడ్డు సంగతి వేరే చెప్పాలా? చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే లాప్రోస్కోపీ ఆపరేషన్లో గొట్టం దిగేదే అక్కడ, పైపైన పూసి వదిలేసేదీ అక్కడే.

ఆ రోజు క్లిప్పరు పట్టుకున్న వార్డు బాయ్ అడిగిన ప్రశ్న ఇన్నేళ్లలో ఏ హాల్లోనూ వినలేదు: "మేడమ్, కోతకి అడ్డం రాకపోతే అసలు తీయడమెందుకు?"

కాబట్టి అయ్యా, మీరు దయచేయండి. తిరుమల కల్యాణకట్టలో మీకు గౌరవం ఉంది, పుణ్యమూ ఉంది. మీ స్థానంలో క్లిప్పరు గారు చేరుతున్నారు. నిజానికి వారు రెండేళ్ల కిందటే వచ్చారు, స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కారు, పాడైతే ఎవరు బాధ్యులన్న టెన్షన్‌తో బీరువాలో ఉన్నారు. తాళం హెడ్ నర్సు గారి దగ్గరుంది. పేషెంటుకొకటి చొప్పున మార్చాల్సిన బ్లేడు హెడ్లకు ఇండెంట్ పెట్టాం. ఛార్జరు ఎక్కడుందని స్టోర్‌లో అడిగితే, దానికి వేరే ఇండెంట్ పెట్టమన్నారు.

ఇట్లు,
నైట్ డ్యూటీలో ఉన్న ఒక సిస్టర్