రక్తం చూసి దొంగను పట్టే విధానం

హన్మకొండలో మా కాలనీ బోరు మోటరు పోయింది. పావుగంటలో దొంగ దొరికాడు, వాట్సాప్ గ్రూపులో. "గా పట్టాల పక్క గుడిసెలోళ్లే. వాళ్ల రక్తంలనే ఉన్నది" అని ఒక రిటైర్డ్ పెద్దమనిషి తీర్పు చెప్పాడు. కింద వరుసగా దండాలు, బొటనవేళ్లు.

ఇటలీ డాక్టరు లాంబ్రోసో పాపం, 1870ల్లో ఖైదీల పుర్రెలు, దవడలు కొలిచి కొలిచి, నేరగాడు పుట్టుకతోనే నేరగాడని తేల్చాడు. మా పెద్దమనిషికి టేపు కూడా అక్కర్లేదు. బాల్కనీలో నిలబడి చాయ్ తాగుతూనే తేల్చగలడు.

ఆదివారం కమిటీ హాల్లో మీటింగు. రాత్రి పది దాటితే గుడిసెలవాళ్లు మా రోడ్డు తొక్కొద్దని మొదటి తీర్మానం. "మరి పొద్దున చాటలు, గంపలు ఎవలు తెస్తరు?" అని ఒకావిడ అడ్డం పడింది. గంభీరమైన ప్రశ్న. అరగంట చర్చించి, చాటలు నెత్తిన ఉన్నంతసేపు రక్తం శుద్ధమేననీ, అవి అమ్ముడుపోగానే గుణం తిరగబడుతుందనీ ఏకగ్రీవంగా నిర్ణయించారు. బేరమాడి పది రూపాయలు తగ్గించుకునే హక్కు యథాతథం. సెక్రటరీ లేచి, గుడిసెలవాళ్లందరి వేలిముద్రలతో ఒక రిజిస్టరు పెడదామన్నాడు. కొత్త ఆలోచనని చప్పట్లు మోగాయి.

కొత్తదేం కాదు. 1871లోనే తెల్లదొరలు నేరస్త తెగల చట్టం తెచ్చారు. పుట్టిన కులం చూసి పేరు రాసుకోవడం, హాజరు వేయడం, పాసు లేకుండా ఊరు దాటనీయకపోవడం. మద్రాసు వైపు ఎరుకలవాళ్లు, అంటే చాటలు, గంపలు అల్లే మా గుడిసెలవాళ్ల తెగ, ఆ జాబితాకెక్కారు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. ఆ వార్త మా గ్రూపుకు ఇంకా ఫార్వర్డ్ కాలేదు. జైలు మాన్యువళ్లకూ కాలేదు. ఆ తెగలను అలవాటు పడ్డ నేరగాళ్ల లెక్కన చూసే రాతలను, కులాన్ని బట్టి చీపురు చేతికిచ్చే నిబంధనలను 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టేయాల్సి వచ్చింది.

మోటరు కేసులో గుడిసెల్లోని ఒక పిల్లగాణ్ని తీసుకుపోయి స్టేషన్లో కూర్చోబెట్టారు. ఏమీ దొరకలేదు, వదిలేశారు. కానీ పేరు రాసుకున్నారు. రేపు ఇంకో కాలనీలో గిన్నె పోయినా ముందు వాణ్నే లేపుతారు. అట్లా నాలుగుసార్లు లేపితే వాడు పాత నేరస్తుడు. ప్లాస్టిక్ వచ్చి చాటలు కొనేవాడు లేడు. పందులు పెంచుకుందామంటే ఊళ్లోంచి తరిమేశాం. గది అద్దెకడిగితే కులం అడుగుతాం, కూలికొస్తే పనిలో పెట్టుకోం. ఆకలికి వాడు ఒకనాడు నిజంగానే చెయ్యి పెడితే, చూశారా రక్తం అంటాం. సిగ్గుండాలి! 2022 చివర్లో దేశంలోని జైళ్లలో ఉన్న 5.73 లక్షల మందిలో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలే. వాళ్లలో జామీను పెట్టే దిక్కులేక లోపల కూర్చున్నవాళ్లది ఏ రక్తం? పేదరికానికి కూడా బీ పాజిటివ్, ఓ నెగటివ్ ఉంటాయా?

ఇక మా కాలనీ సంగతి. సగం చెరువు శిఖంలో, అంటే చెరువు నీళ్లు నిలవాల్సిన నేలలో ఉంది. 2020 ఆగస్టు వానలకు నీళ్లు తమ సొంతింటికి వచ్చినట్టు నేరుగా మా హాళ్లలోకి వచ్చాయి. ఆ శిఖం భూమిని ప్లాట్లు కొట్టి అమ్మినాయన మా గౌరవాధ్యక్షుడు. వచ్చే నెల కాలనీ రక్తదాన శిబిరానికి ముఖ్య అతిథి కూడా ఆయనే.