మూత్రం ఆపుకోలేకపోతే నీళ్లు మానేయడం మందు కాదు

పెళ్లికి రమ్మంటే ఒంట్లో బాగాలేదంటారు. బస్సు ప్రయాణం ఉందంటే ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు ముట్టరు. దగ్గినా తుమ్మినా బట్ట తడుస్తుందని పాత నూలు చీర ముక్కను మడతలు వేసి పెట్టుకుంటారు. దాన్ని ఉతికి ఎవరి కంటా పడకుండా లోపలి గదిలో ఆరేసుకుంటారు. మన ఇళ్లలో ఎందరో ఆడవాళ్లు ఏళ్ల తరబడి ఇలాగే నెట్టుకొస్తున్నారు. డాక్టరు దగ్గర మోకాళ్ల నొప్పుల గురించి చెబుతారు తప్ప ఈ సంగతి ఎత్తరు. ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందని సరిపెట్టుకుంటారు. చాలామందిలో అదుపులోకి తేగలిగిన ఆరోగ్య సమస్యను మనం కేవలం బట్టలుతికే పనిగా మార్చేశాం. నా అభ్యంతరం అదే.

నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని మరింత రేపుతుంది. మలబద్ధకం పెరిగి ఆ ఒత్తిడీ మూత్రాశయం మీదే పడుతుంది. అందుకే పగలు తగినంత తాగి, పడుకునే ముందు రెండు మూడు గంటలు తగ్గించుకోవాలి. కాఫీ, టీ తగ్గించినా తేడా కనిపిస్తుంది. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల డాక్టరు నీళ్లకు కొలత పెట్టినవారు మాత్రం ఆ కొలత దాటకూడదు.

దగ్గినప్పుడు, బరువెత్తినప్పుడు కారడానికి మూత్రాశయానికి అడుగున ఆసరాగా ఉండి కాన్పుల తర్వాత వదులైన కటి కండరాలు ముఖ్య కారణం. అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లోనే వీటికి వ్యాయామం చెప్పారు. మూత్రాన్ని, గ్యాసును ఆపుకొనేటప్పుడు బిగించే కండరాలనే బిగించి, కొన్ని క్షణాలు ఉంచి, పూర్తిగా వదలాలి. పూటకు 8 సార్లు, రోజుకు 3 పూటలు, కనీసం 3 నెలలు చేయాలి. ఊపిరి బిగపట్టకూడదు, కడుపు, తొడలు బిగించకూడదు. చాలామంది రెండు వారాలు చేసి ఫలితం లేదని మానేస్తారు. ఆ కాస్త ఓపిక కోసం ఇంట్లోవాళ్లు వెన్నుదన్నుగా నిలవాలి.

ఉన్నట్టుండి తన్నుకొచ్చి, బాత్రూముకు చేరేలోపే అయిపోయేవారి సంగతి వేరు. వారు గడియారం చూసుకుని ఒక వ్యవధి ప్రకారం బాత్రూముకు వెళ్లడం మొదలుపెట్టి, ఆ వ్యవధిని మెల్లగా పెంచుకోవాలి. దారిలో రాత్రి లైటు, గోడకు పట్టుకొనే కడ్డీ, మంచం పక్కన కమోడ్ కుర్చీ ఉంటే తడవడమే కాదు, జారిపడి తుంటి విరగడం కూడా తప్పుతుంది. నీరు తీసే బీపీ మాత్ర రాత్రి వేసుకుంటున్నారేమో డాక్టరుతో మాట్లాడాలి. అదుపులో లేని షుగరు, మగవారిలో ప్రొస్టేట్ వాపు కూడా కారణాలే. మూత్రంలో రక్తం, జ్వరంతో మంట, ఉన్నట్టుండి కాళ్లలో బలహీనత కనిపిస్తే ఇంటి చిట్కాలతో కాలయాపన చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

డైపర్లు అవసరమే, కానీ వాటితోనే వైద్యం అయిపోయిందనుకోకూడదు. తడిసిన వెంటనే మార్చి, చర్మాన్ని తుడిచి ఆరనివ్వకపోతే పుండ్లు పడతాయి. ఖర్చూ తక్కువ కాదు. శానిటరీ నాప్‌కిన్లపై జీఎస్టీని 2018లోనే ఎత్తేసిన ప్రభుత్వం, క్లినికల్ డైపర్లపై 12 శాతాన్ని 5కు దించడానికి 2025 సెప్టెంబరు దాకా ఆగింది. ఆ 5 శాతమూ తీసేయాలి.

అంతకన్నా ముఖ్యమైన పని కాన్పు దగ్గరే మొదలవ్వాలి. ఆసుపత్రిలో కాన్పయ్యాక 42 రోజుల్లో ఆశా కార్యకర్త 6 సార్లు ఇంటికి రావాలన్నది జాతీయ కార్యక్రమం. బిడ్డను తూచేటప్పుడే తల్లికి ఈ వ్యాయామం నేర్పించవచ్చు. బీపీ, షుగరు పరీక్షించే నర్సు అరవై దాటిన ప్రతి ఒక్కరినీ మూత్రం ఆపుకోగలుగుతున్నారా అని తనే అడగాలి. అడిగితే చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు.