చీపురు పట్టుకొచ్చిన మనిషి ఏది?

గిరీశం చివరికి దొరికిపోయింది మా విశాఖపట్నంలోనే. కన్యాశుల్కం ఆఖరి అంకం ఇక్కడే, వకీలు సౌజన్యారావు పంతులు గారింట్లో నడుస్తుంది. విజయనగరంలో బయల్దేరి, కృష్ణరాయపురం అగ్రహారం మీదుగా కేవలం నోటి చలవతో ఇంతదూరం వచ్చిన మనిషి, వేశ్య మధురవాణి నోరు విప్పేసరికి కథ అడ్డం తిరిగిందని విసుక్కుంటూ వెళ్లిపోతాడు.

ఈ నాటకాన్ని మొదట ఆడింది 1892లో. 1897లో అచ్చయింది, 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి మళ్లీ రాశారు. ఇన్నేళ్లయినా గిరీశం హీరోనా విలనా అన్నది మనం తేల్చుకోలేదు. నాకైతే తేల్చుకోవాలనీ లేదు. నన్ను ఆశ్చర్యపరిచేది ఇంకొకటి. గిరీశం మాట్లాడుతుంటే అందరం నవ్వుతాం, అతని మాటలు వాడుకలో పెట్టుకుంటాం. కానీ తన కొడుకు గిరీశంలా తయారు కావాలని ఏ తండ్రీ కోరుకోడు. ఇంత ఇష్టాన్నీ, అంత జాగ్రత్తనీ గురజాడ ఒకేసారి ఎలా సాధించారు?

పూటకూళ్లమ్మను చూడండి. సంతలో సామాను కొనిపెడతానని ఆమె దగ్గర 20 రూపాయలు పుచ్చుకుని, ఆ డబ్బు మధురవాణి కోసం తగలేశాడు గిరీశం. ఆ సంగతి అతనే దర్జాగా చెబుతాడు, మనం నవ్వుతాం. వేరే రచయితయితే అక్కడితో వదిలేసేవాడు. గురజాడ వదల్లేదు. ఆ పూటకూళ్లమ్మ చీపురు పట్టుకుని రంగం మీదకే వచ్చేసింది. మన కథానాయకుడు మంచం కిందకి దూరాడు. గిరీశం లేవదీసుకుపోయిన చిన్న వయసు వితంతువు బుచ్చమ్మ విషయమూ అంతే. ఆమె పేరు, వయసు, ఇల్లు, అమాయకత్వం అన్నీ మనకు తెలుసు. అందుకే చివర్లో ఆమెను పూనాలోని వితంతు శరణాలయానికి పంపాలని సౌజన్యారావు అన్నప్పుడు మనకు గిరీశం మీద జాలి కలగదు, బుచ్చమ్మ గురించి కాస్త ఊపిరి పీల్చుకుంటాం.

ఒక మనిషి హీరోగా కనబడతాడా విలన్‌గా కనబడతాడా అన్నది వాడి గుణాన్ని బట్టి ఉండదని నా లెక్క. వాడి వల్ల నష్టపోయినవాళ్లను మనకు చూపించారా, చాటున పెట్టారా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

రావణుణ్ణి మనవాళ్లు ఎంత ముద్దు చేశారో తెలిసిందే. 1958 నాటి భూకైలాస్‌లో ఎన్టీఆర్ వేసిన రావణుడు తల్లి కోసం ఆత్మలింగం తేబోయిన భక్తుడు. 1961లో వచ్చిన సీతారామ కళ్యాణంలో కూడా ఆయనే రావణుడు, దర్శకుడు కూడా ఆయనే. ఆ కథ పెళ్లి దగ్గర ఆగిపోతుంది. అంటే సీతను ఎత్తుకుపోయే ఘట్టం ఇంకా రాలేదు. అశోకవనం లేదు, అందులో కూర్చుని ఏడ్చే మనిషీ లేదు. రావణబ్రహ్మ అని చేతులెత్తి మొక్కడానికి మనకు అడ్డేముంది? ఇది తప్పని అనడం లేదు. కత్తెర ఎక్కడ పడిందో చూడమంటున్నాను.

దుర్యోధనుడి సంగతి ఇంకాస్త చిక్కు. మా ఉత్తరాంధ్ర పల్లెల్లో పౌరాణిక నాటకం పడితే దుర్యోధనుడి పద్యానికి కూడా వన్స్‌మోర్ అనే జనం ఉన్నారు. 1977లో దాన వీర శూర కర్ణలో ఎన్టీఆర్ కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడూ తానే వేసి, దుర్యోధనుడికి ఏకంగా ఒక డ్యూయెట్ పెట్టారు. ప్రతినాయకుడు పెళ్లాంతో కలిసి పాడుకోవడమంటే అతనికి ఒక ఇల్లూ ఒక మనసూ ఇచ్చినట్టే. మయసభలో పడ్డ అవమానం అతని వైపు నుంచి చూస్తే మనకూ రోషం వస్తుంది. అయినా దుర్యోధనుడు పూర్తిగా హీరో కాలేడు. ఎందుకంటే ద్రౌపదిని దాచడం ఎవరి తరమూ కాదు. మయసభలో నవ్విందీ ఆమే, నిండు సభలో ఏడ్చిందీ ఆమే. ఆ రెండింటి మధ్య మనం అటూ ఇటూ ఊగుతాం. నిజంగా బరువున్న పాత్ర అంటే అదీ.

తర్వాత సినిమావాళ్లు సులువైన దారి కనిపెట్టారు. సినిమా అంతా హీరో రౌడీ, చివర్లో చూస్తే పోలీసు. 2006 నాటి పోకిరి అలాంటిదే (ఇన్నేళ్లయింది కాబట్టి ముగింపు చెప్పేసినా ఎవరూ తిట్టరనుకుంటాను). విలన్‌గా ఉండే సరదా అంతా అనుభవించి, బిల్లు మాత్రం డిపార్టుమెంటు చేత కట్టించడం. జగదాంబ హాల్లోనో శరత్ హాల్లోనో ఈలలు వేసి బయటికొచ్చిన మాకు అప్పట్లో అదేమీ తోచలేదు.

2021 నాటి పుష్ప ఆ ముసుగు తీసేసింది. హీరో ఎర్రచందనం స్మగ్లరే, చివరిదాకా స్మగ్లరే. ఆ పాత్రకు అల్లు అర్జున్ జాతీయ ఉత్తమ నటుడయ్యారు, తెలుగు నటుల్లో మొదటివారు. నటన సంగతి వదిలేయండి, దానికి వంక పెట్టలేం. కథ అతనికి ఇచ్చిన గాయం చూడండి. ఇంటిపేరు దక్కలేదు. తెలుగువాడికి ఇంతకంటే లోతుగా దిగే దెబ్బ లేదు, ఒప్పుకుంటాను. కానీ ఇంటిపేరు కోసం అంత తపించే మనిషి చుట్టూ దుంగలు మోసే కూలీలు ఎంతమంది? వాళ్లలో ఎందరి పేర్లు మనకు గుర్తున్నాయి? అసలు శేషాచలం అడవుల్లో 2015 ఏప్రిల్ 7న పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. ఎర్రచందనం నరకడానికి తమిళనాడు నుంచి వచ్చినవాళ్లన్నారు. సినిమాలో కూలీ సిండికేట్ నాయకుడవుతాడు. అడవిలో అలా జరగలేదు.

ఆ మధ్య ఒక సినిమాలో హీరో లారీని లోయలోకి తోసేశాడు. హాలంతా ఈలలు. నా పక్కసీట్లో కూర్చున్న పదేళ్ల కుర్రాడు మెల్లిగా అడిగాడు: "డ్రైవరేటైపోనాడు బాబాయ్?" తెర మీద అప్పటికే పాట మొదలైపోయింది.

మా విశాఖపట్నంలోనే కథకుడు రాచకొండ విశ్వనాథశాస్త్రి గారు ప్లీడరుగా నల్లకోటు వేసుకుని కోర్టుకు తిరిగారు. ఆయన రాసిన ‘ఆరు సారా కథలు’లో సారా అమ్మేవాళ్లు, పోలీసులు, ప్లీడర్లు అందరూ ఉంటారు. నేరం చేసినవాడి మీద మనకు కోపం రాదు, అలాగని వాడు హీరో కూడా అయిపోడు. నేరం మీద బతికే మిగతావాళ్లు ఎంత తీరుబడిగా ఉన్నారో చూసి ఒళ్లు మండుతుంది. తాను రాసేది ఏ మంచికి హాని చేస్తుందో, ఏ చెడ్డకు ఉపకారం చేస్తుందో రచయిత ఆలోచించుకోవాలన్నది ఆయన మాట. ఈ మాటను సెన్సారు కత్తెరలా వాడేవాళ్లున్నారు. నాకు అది ఇష్టం ఉండదు. ఆయన చెడ్డవాళ్ల గురించి రాయొద్దనలేదు, జీవితమంతా వాళ్ల గురించే రాశారు. కాకపోతే దెబ్బ తిన్నవాణ్ణి ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చోబెట్టలేదు.

ఆయన ఇప్పుడుంటే సారా బదులు గంజాయి కథలు రాసేవారేమో. పాడేరు, చింతపల్లి కొండల నుంచి మూటలు దిగుతాయి. దించేది చాలాసార్లు ఇరవై ఏళ్లు నిండీ నిండని కుర్రాళ్లు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం 20 కిలోలు దాటిన గంజాయి వాణిజ్య పరిమాణం కిందకి వస్తుంది. నేరం రుజువైతే కనీసం పదేళ్ల జైలు, బెయిలు కూడా అంత తేలిగ్గా రాదు. సినిమాలో ఇలాంటి కుర్రాడు హీరో వెనకాల నడిచే గుంపులో ఒకడు, పేరుండదు. పేపర్లో అలా కాదు. బస్సులోనో రైల్లోనో బ్యాగుతో పట్టుబడ్డ మర్నాడు జిల్లా పేజీలో వాడి పేరు, వయసు, ఊరు, తండ్రి పేరుతో సహా వస్తాయి. సరుకు ఎవరిదన్న చోట మాత్రం ప్రధాన నిందితుడు పరారీలో ఉన్నాడని ఒక్క ముక్క ఉంటుంది.