కర్ర గురించి ఎవరూ అడగరు

పన్నెండేళ్ల కిందట సంక్రాంతికి బొమ్మల కొలువు సర్దుతుంటే, మా పాప లక్కపిడతల్లోంచి ఒక చిన్న కుండ తీసి నోట్లో పెట్టుకుంది. గభాల్న లాక్కుని చూస్తే పెదవి మీద ఎర్రటి పొలుసు అంటుకుని ఉంది. ఆ సెట్టు ఇక్కడే న్యూజెర్సీలో ఒక దీపావళి మేళాలో కొన్నాను. డబ్బా మీద ఏటికొప్పాక అనీ, సహజ రంగులనీ రాసి ఉంది.

నా ఉద్యోగం పూతల కెమిస్ట్రీలో. అనుమానం వచ్చి దూదిని స్పిరిట్‌లో ముంచి ఆ కుండని రుద్దాను. లక్క అయితే స్పిరిట్‌కి మెత్తబడి దూదికి రంగు అంటాలి. ఎంత రుద్దినా ఏమీ అంటలేదు. అది డబ్బాల్లో అమ్మే ఎనామిల్ పెయింటు. సెట్టు మొత్తం తీసి పారేశాను. డాక్టరు పాపకి రక్తపరీక్ష చేయించి, సీసం గురించి భయపడాల్సిందేమీ లేదని చెప్పేదాకా నాకు ఒకటే టెన్షన్.

ఆ వేసవిలో ఇండియా వెళ్లినప్పుడు పట్టుబట్టి ఏటికొప్పాక వెళ్లాను. మా అమ్మమ్మగారి ఊరు అనకాపల్లికి దగ్గరే. చిన్నప్పుడు నక్కపల్లి బొమ్మలు, ఏటికొప్పాక బొమ్మలు మా ఇంట్లో ఉండేవి కానీ, అవి ఎలా చేస్తారో ఎప్పుడూ చూడలేదు. వరాహ నది ఒడ్డున చిన్న ఊరు. ఒక పెద్దాయన కర్రని గిర్రున తిప్పే తరిణి దగ్గర కూర్చుని పనిచేస్తున్నారు. తిరుగుతున్న కర్రకి ఉలి ఆనిస్తే తెల్లటి పొట్టు రాలుతోంది, చూస్తుండగానే అది గిన్నె ఆకారానికి వచ్చేసింది. తర్వాత రంగు కలిపిన లక్క కడ్డీని దానికి అదిమి పట్టారు. ఆ రాపిడికి పుట్టే వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. కుంచె లేదు, థిన్నర్ వాసన లేదు. చివర్లో మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుపు వచ్చింది. మా కంపెనీలో అలాంటి మెరుపు కోసం ఎన్ని ద్రావకాలు వాడతామో నాకు తెలుసు కాబట్టి, అక్కడ చాలాసేపు నోరు మెదపకుండా కూర్చున్నాను.

తర్వాత రంగుల గురించి ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాను. ఆయన ఓపిగ్గా అన్నీ చెప్పి, ఆఖర్న అన్నారు: "రంగు సంగతి వచ్చినోళ్లందరూ అడుగుతారమ్మా. కర్ర సంగతి ఎవరూ అడగరు."

ఆ మాట ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు. ఈ వ్యాసం దాని గురించే.

ముందు రంగుల సంగతి చెప్పాలి, ఎందుకంటే అక్కడ నిజంగా గొప్ప పని జరిగింది. ఒకప్పుడు సహజ రంగులతోనే నడిచిన ఈ పనిలోకి, చవగ్గా దొరుకుతాయని రసాయన రంగులు వచ్చాయి. వాటిని వదిలించి మళ్లీ మొక్కల రంగుల వైపు మళ్లించడానికి ఆ ఊరికే చెందిన సి.వి. రాజు గారు కళాకారులతో కలిసి ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశారు. 2017లో ఈ బొమ్మలకి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. 2025 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగింది కూడా ఏటికొప్పాక బొమ్మలే.

ఈ పనిలో ఉన్న కష్టం బయటివాళ్లకి తెలియదు. పసుపు కొమ్ముల్లో, జాఫ్రా గింజల్లో, మంజిష్ఠ వేళ్లలో రంగు ఉందని మనందరికీ తెలుసు. బట్టకి అద్దకం వేసేవాళ్లు దాన్ని నీళ్లలో మరిగిస్తారు. లక్క మాత్రం నీటితో కలవదు, అది గుగ్గిలం లాంటి రెసిన్ జాతి. కషాయం కాచి లక్కలో పోస్తే ముద్ద విరిగిపోతుంది. అందుకని కషాయంలోని రంగుని పటిక లాంటి వాటితో విరగ్గొట్టి, అడుగుకి దింపి, ఆరబెట్టి, మెత్తటి పొడి చేసి, అప్పుడు వేడి లక్కలో మర్దించాలి. తరిణి మీద రాపిడి వేడికి ఆ రంగు మాడకూడదు. మాడకపోయినా ఎండకి నిలవాలి. పసుపు రంగు ఎంత అందంగా ఉన్నా వెలుతురు తగిలితే త్వరగా వెలిసిపోతుంది, జాఫ్రా కూడా అంతే. ఆకుపచ్చ కావాలంటే నీలిమందులో పసుపు కలపాలి, అందులో పసుపు ముందు వెలిసిపోతే బొమ్మ కొన్నాళ్లకి నీలంగా మారుతుంది. ఇలాంటి చిక్కులు ఒక్కొక్కటీ విడదీయడానికి నాకు తెలిసిన పరిశోధనశాలల్లో పీహెచ్‌డీలు చేస్తారు. అక్కడ తరిణి ముందు కూర్చుని చేశారు.

అయినా సహజం అన్న మాట మీద నాకొక పేచీ ఉంది. సహజమైనదంతా సురక్షితం అని మనవాళ్లు గట్టిగా నమ్ముతారు. హరిదళం సహజమే, తవ్వితే దొరికే బంగారు రంగు రాయి. అందులో ఉండేది ఆర్సెనిక్. ఇంగిలీకం కూడా గనుల్లో దొరికేదే, దాంట్లో పాదరసం ఉంటుంది. మన పాత చిత్రకారులు రెండూ వాడారు. కాబట్టి డబ్బా మీద సహజం అని రాస్తే చాలదు, పరీక్ష కాగితం ఉండాలి. 2007లో సీసం ఉన్న పెయింటు కారణంగా అమెరికాలో లక్షల బొమ్మలు వెనక్కి పిలిపించారు. ఆ మరుసటి ఏడాదే కొత్త చట్టం వచ్చింది, 2009 నుంచి పిల్లల బొమ్మల మీది పూతలో సీసం పది లక్షల పాళ్లకి 90 పాళ్లు దాటకూడదు. రంగు వేయని చెక్కకి సీసం పరీక్ష అక్కర్లేదని అదే నిబంధనల్లో ఉంది. పూత పడగానే పరీక్ష కావాలి.

భారతదేశంలో కూడా 2021 జనవరి నుంచి బొమ్మలకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్ర తప్పనిసరి చేశారు. నమోదైన చేతివృత్తి కళాకారులకి, జీఐ బొమ్మలకి అందులో మినహాయింపు ఇచ్చారు. చిన్న కళాకారుల పొట్ట కొట్టకూడదని ఇచ్చిన మినహాయింపు అది, నేను దాన్ని తప్పు పట్టను. కానీ దాని వల్ల నిజమైన లక్క బొమ్మ చేసినవాళ్ల చేతిలో కూడా చూపించడానికి కాగితం లేదు. ఎనామిల్ పూసి ఏటికొప్పాక అని అమ్మేవాడూ, ఏళ్లు తపించి పసుపు రంగుని లక్కలో నిలబెట్టినవాడూ మన మేళాలో ఒకే బల్ల మీద పక్కపక్కనే ఉంటారు. మనం బేరం ఆడి, తక్కువ ధరకి ఇచ్చేవాడి దగ్గర కొంటాం.

ఇక కర్ర. ఈ బొమ్మలు చేసేది అంకుడు కర్రతో. తెల్లగా, మెత్తగా, సన్నటి పోగుతో ఉంటుంది కాబట్టి ఉలికి చక్కగా లొంగుతుంది. అంకుడు చెట్టుకి తెల్లటి పూలు పూస్తాయి, కాయలు జంటగా, కొసలు కలిసి వేలాడతాయి. పగిలితే గింజలు పట్టులాంటి నూగుతో గాలికి ఎగిరిపోతాయి. తోటల్లో పెంచే చెట్టు కాదు, చుట్టుపక్కల కొండల మీద దానంతట అది పెరిగేది. అంటే ప్రతి బొమ్మా అడవి నుంచి వస్తోంది. బొమ్మలకి గిరాకీ పెరిగే కొద్దీ నరికేవాళ్లు లోపలికి, ఇంకా లోపలికి పోతారు. ఆ పెద్దాయన చిన్నతనంలో ఊరి వెనకే దొరికిన కర్ర, ఇప్పుడు దూరం నుంచి డబ్బు పోసి తెచ్చుకోవాల్సి వస్తోందని చెప్పారు.

కొండపల్లిలో కూడా ఇదే కథ. అక్కడ తెల్ల పొణికి. బూరుగు దూదిలా తేలికైన ఆ కర్రని చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో చేతులూ కాళ్లూ అతికిస్తారు. నిర్మల్ బొమ్మలకీ పొణికే ఆధారం. పొణికి గింజ పెంకు గట్టిది, తేలిగ్గా మొలకెత్తదు. చెట్టు కొట్టినంత సులువుగా చెట్టు పెరగదు.

అలాంటప్పుడు అడవిని వదిలేసి ప్లాస్టిక్ బొమ్మలే కొనుక్కోవచ్చు కదా అని ఇక్కడి మా తెలుగు సంఘం కార్యవర్గంలో ఒక మిత్రుడు అడిగారు. మంచి ప్రశ్నే. దానికి సమాధానం నాకు తపసి చెట్టు దగ్గర దొరికింది. మన్యంలో గిరిజనులు తపసి జిగురు తీసి గిరిజన సహకార సంస్థకి అమ్ముతారు. 1956 నుంచి విశాఖపట్నం కేంద్రంగా పనిచేస్తున్న సంస్థ అది. ఒకప్పుడు జిగురు కోసం గొడ్డలితో చెట్టుకి లోతుగా గాట్లు పెట్టేవారు. జిగురు కారేది, చెట్టు చచ్చిపోయేది. తర్వాత పరిశోధన చేసి పద్ధతి మార్చారు. ఎంత లావు చెట్టుకి గాటు పెట్టవచ్చో, ఎంత లోతు చాలో, ఎంత ఎడం ఇవ్వాలో తేల్చి, చిన్న పదునైన పనిముట్టు తయారుచేసి, ఊరూరా శిక్షణ ఇచ్చారు. చెట్టు బతికింది. జిగురు శుభ్రంగా వచ్చింది కాబట్టి ధర కూడా ఎక్కువ పలికింది. చెట్టు బతికుంటేనే ఏటా కూలి గిట్టుతుందని తెలిసిన ఇల్లు ఆ చెట్టుని కాపలా కాస్తుంది.

లక్క విషయంలోనూ అంతే. మోదుగ, రేగు, పుసుగు చెట్ల కొమ్మల మీద బతికే చిన్న పురుగు వదిలే జిగురు అది. రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో 1924లోనే లక్క కోసం ఒక పరిశోధన సంస్థ పెట్టారు. పురుగుని ఏ చెట్టు మీద ఏ నెలలో ఎక్కించాలి, కొమ్మ ఎప్పుడు కత్తిరించాలి అన్నది అక్కడ నూరేళ్లుగా చూస్తున్నారు. బొమ్మ మీది పూతకి నూరేళ్ల పరిశోధన ఉంది. బొమ్మ లోపలి కర్రకి అలాంటి అండ లేదు, అదే నా బాధ.

అంకుడు విషయంలో ఆశ పెట్టుకోవడానికి కారణాలున్నాయి. నరికాక మోడు మళ్లీ చిగురిస్తుంది. తరిణికి పెద్ద దుంగలు అక్కర్లేదు, సన్నటి కొమ్మలూ పనికొస్తాయి. అయితే భూమికి ఎంత ఎత్తులో కొయ్యాలి, ఒక్కో మోడుకి ఎన్ని చిగుళ్లు ఉంచాలి, మళ్లీ కొయ్యడానికి ఎన్నేళ్లు ఆగాలి అన్నవి ఆ నేల మీద, ఆ వానకి కొలిచి చూడాల్సిన విషయాలు. పొలం గట్ల మీద పెరిగిన కర్రకీ కొండ మీద పెరిగిన కర్రకీ తరిణి మీద తేడా ఉంటుందా అన్నది కళాకారుడే తేల్చాలి. ఇంకో మాట కూడా నాకు చెప్పాలనుంది. అంకుడు శాస్త్రీయ నామంలో టింక్టోరియా అనే పదం ఉంది, రంగుకి పనికొచ్చేది అని దానర్థం. దాని ఆకుల నుంచి నీలిమందులాంటి నీలం వస్తుంది. కర్ర కొట్టినప్పుడు రాలే ఆకుల్లోంచి బొమ్మకి కావలసిన నీలం తీయగలిగితే, ఒకే చెట్టు బొమ్మనీ రంగునీ ఇస్తుంది. ఒక ఎమ్మెస్సీ విద్యార్థి రెండేళ్లు కూర్చుంటే తేలే ప్రశ్న ఇది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, పిల్లలున్నారు. ఆ రెండేళ్లకి ఆ విద్యార్థికి స్టైపెండ్ కావాలి.

ఇక్కడే మన సంఘాల సంగతి వస్తుంది. మనం ఏటా ఉగాదికి, దీపావళికి అతిథులకి, దాతలకి, పోటీల్లో గెలిచిన పిల్లలకి యాక్రిలిక్ జ్ఞాపికలు ఇస్తాం. పేరు చెక్కించి, వెల్వెట్ డబ్బాలో పెట్టి మరీ. మా ఇంట్లోనే పదకొండున్నాయి, గరాజ్‌లో. ఆ ఖర్చులో సగం పక్కన పెడితే మూడు పనులకి సరిపోతుందని నా నమ్మకం. ఏటికొప్పాకలో ఒక్కో రంగు లక్కని ఏటా గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో పరీక్ష చేయించి, ఆ కాగితం ఊళ్లో అందరూ వాడుకునేలా ఇవ్వడం మొదటిది. కళాకారుల కుటుంబాల పొలం గట్ల మీదా, బంజరు మీదా అంకుడు నారు పెంచడం రెండోది. ఇది ఫోటో దిగి వచ్చేసే మొక్కల పండగలా జరగకూడదు. కర్ర కోతకి వచ్చేదాకా ఏటా నీళ్లకీ కాపలాకీ డబ్బు పంపాలి. మూడోది ఆ స్టైపెండ్.

స్టాల్ పెట్టించి బొమ్మలు కొంటే చాలదా అని కొందరంటారు. కొనాలి, తప్పకుండా కొనాలి. కానీ మనం ఎంత ఎక్కువ కొంటే కొండ మీద అంత ఎక్కువ కర్ర తెగుతుంది. చెట్టు లెక్క చూడకుండా కొనే ప్రేమ వల్ల ఆ ఊరికి చివరికి నష్టమే జరుగుతుంది. పన్నెండేళ్ల కిందట నేను కూడా రంగుల గురించే అడిగాను.

ప్రతిపాదన కార్యవర్గానికి రాసి పంపాను, వచ్చే నెల సమావేశంలో చర్చకి వస్తుంది. అభ్యంతరాలు ఉన్నవాళ్లు తప్పకుండా రండి. నేను ఏటికొప్పాక నుంచి తెచ్చుకున్న పిడతలు, ఒక స్పిరిట్ సీసా, కాస్త దూది పట్టుకొస్తాను. మీ ఇంట్లో ఉన్న బొమ్మలు కూడా తెండి. అడుగున, కనబడనిచోట కొద్దిగా రుద్దితే చాలు. ఏది లక్కో, ఏది పెయింటో అందరం కలిసి చూద్దాం.